మైదాపిండిలో నుదుటిరాత

నుదుటిరాత చెరపడం ఎవరి తరమూ కాదంటారు పెద్దలు. నేను చెరిపాను. అదీ మే నెల మిట్టమధ్యాహ్నం, కాస్త మైదాపిండితో. చెరిపి ఊరుకున్నా బాగుండేది. ఆ రాతను తీసుకెళ్ళి ఒక దయ్యానికి అంటించాను. దాంతో నరసరావుపేటలో మా సందులో ఒక పెద్దావిడ బతికుండగానే పైకి ప్రయాణం కట్టింది. అప్పుడే నవ్వకండి. ఆ రోజు మా సందులో ఎవరూ నవ్వలేదు. నేనైతే చాలాకాలం అద్దంలో నా నుదురు చూసుకోవడానికే జంకాను.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. అదేమిటో మా అమ్మకే ఇంతవరకూ సరిగా తెలియదు కాబట్టి, మీకు అర్థం కాకపోతే నొచ్చుకోవద్దు. వీడియో గేముల్లో రాక్షసులు, వీరులు, ముసలి మంత్రగాళ్ళు ఉంటారు కదా, వాళ్ళను కంప్యూటర్లో బొమ్మలుగా మలిచే పని నాది. తెర మీద మట్టిముద్ద లాంటిది ఒకటి ఉంటుంది. చేతిలో పెన్ను లాంటి పుల్ల ఉంటుంది. ఉలికీ సుత్తికీ బదులు బ్రష్షులుంటాయి. ఒక బ్రష్ మట్టిని ఉబ్బిస్తుంది, ఒకటి గాడి పెడుతుంది, ఒకటి నున్నగా చేస్తుంది. ఇంకో రకం బ్రష్ రబ్బరు స్టాంపు లాంటిది. ఏ చర్మం అచ్చు దానికిస్తే ఆ చర్మాన్నే బొమ్మ మీద గుద్దుకుంటూ పోతుంది. ఈ కథలో మొదటి ముద్దాయి అదే. రెండో ముద్దాయిని నేను.

"మీ అమ్మాయి ఏం చేస్తంది?" అని ఎవరన్నా అడిగితే మా అమ్మ, "ఇంట్లోనే కూర్చుని బ్రష్షులు తయారు చేసిద్ది" అనేది.

"పళ్ళు తోముకునేయా?"

"ఏమో మరి, దయ్యాలకంట."

ఒక సంబంధం ఆ మాటతోనే గడప దాటిపోయింది.

ఆ ఎండాకాలం నా నెత్తిన ఒక ముసలి దయ్యం పడింది. పాడుబడ్డ బావిలో ఉండే ఆడదయ్యం. అది బావిలోంచి పైకి చూస్తే, ఆడేవాడి చేతిలో ఫోను జారిపోవాలి. అంతకుముందు నాకు చెట్లూ రాళ్ళే ఇచ్చేవారు. మొహం ఉన్న పాత్ర చేతికి రావడం అదే మొదలు. ముక్కు వంచాను, దవడ సాగదీశాను, కళ్ళు లోపలికి నొక్కాను. చర్మానికి మాత్రం అందరూ వాడే రెడీమేడ్ బ్రష్ కొట్టి పంపేశాను. హైదరాబాదులో మా టీమ్ లీడ్ శశాంక్ నాకంటే చిన్నవాడు. అక్కా అంటూనే పీక కోస్తాడు.

"అక్కా, ఈ దయ్యం ఫేస్‌వాష్ వాడుతున్నట్టుంది."

"ముడతలు పెట్టాను కదా శశాంక్?"

"పెట్టావు. ఇస్త్రీ చేసి పెట్టావు. ఆ బ్రష్ అందరి దగ్గరా ఉందక్కా. నీ సొంతంగా ఒకటి చేసుకో. రియల్ స్కిన్ కావాలి, చూస్తే వణుకు రావాలి. శుక్రవారానికి రాకపోతే ఈ క్యారెక్టర్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. తర్వాత నీ ఇష్టం."

నా ఇష్టం ఏముంది? మళ్ళీ చెట్లు, మళ్ళీ రాళ్ళు.

రియల్ స్కిన్ కోసం నేను ఎక్కడికో పోనక్కర్లేదు. అది పక్కింటి వరండాలోనే, నవారు మంచం మీద ఉంది. పేరు అంకమ్మ. మాకు చుట్టరికం లేకపోయినా నాకు నాయనమ్మే. నా చిన్నప్పుడు అమ్మ పనికి పోతే నాకు అన్నం కలిపి పెట్టి జడ వేసింది ఆవిడే. పుట్టిల్లు బెల్లంకొండ. వయసెంతో ఆవిడకే తెలియదు. ఆ నుదురు చూడాలి మీరు! ఎండాకాలం నల్లరేగడి చేను నెర్రెలిచ్చినట్టు ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నా చేతిలో పుల్ల దానంతటదే కదిలేది.

"నాయనమ్మా, నీ నుదురు ఒక్క ఫొటో తీసుకుంటా" అని అడిగాను.

"ఫొటో తీస్తే ఆయుస్సు తగ్గిద్ది. పోవే."

"ఆధార్ కార్డుకి తీయించుకున్నావుగా?"

"అందుకేగా మోకాళ్ళు పోయినయి."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా నాయనమ్మ పెట్టకపోతే ఏం చెయ్యాలో సామెత చెప్పలేదు. ఆ మిగతా సగం నేనే పూర్తి చేసుకున్నాను: నిద్రపోయేటప్పుడు తీసుకోవాలి. మైదాపిండిలో నూనె వేసి మెత్తగా పిసికాను. అచ్చు పడ్డాక చెదరకూడదు కదా, బిగుసుకోవడానికి కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపాను. ఎంత తెలివి! ఆ తెలివిని అప్పుడే ఎవరన్నా నెత్తిన మొట్టి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు.

పల్నాటి ఎండ ఎరిగినవాళ్ళకు మిట్టమధ్యాహ్నం సంగతి చెప్పక్కర్లేదు. మనిషన్నవాడు కనపడడు. తలుపులన్నీ మూసి ఉంటాయి. "పన్నెండింటప్పుడు ఒంటరిగా తిరగమాకే, గాలి సోకిద్ది. రాత్తిరి తిరిగేయి అరిచి తిరుగుతయి, పగలు తిరిగేయి మాట్టాడవు" అని నాకు చిన్నప్పుడు చెప్పింది ఈ నాయనమ్మే. పిండిముద్ద పళ్ళెంలో పెట్టుకుని నేను వాళ్ళ గేటు తీసేసరికి కరెంటు పోయింది. సందులో ఫ్యాన్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. అంతవరకూ ఆ చప్పుడు ఉందని కూడా నాకు తెలియదు. నా నీడ కూడా బయటికి రాకుండా కాళ్ళ కిందే ముడుచుకుంది.

నాయనమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఆవిడ సగం కళ్ళు తెరిచి నిద్రపోతుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినా ఆ తెల్లగుడ్ల వైపు చూడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాను. ఊపిరి బిగబట్టి ముద్దను నుదుటి మీద ఆనించి నెమ్మదిగా అదిమాను.

"వచ్చావా?" అంది నాయనమ్మ.

ఏదో ఒకటి అనకపోతే లేస్తుందేమోనని భయం. "ఆఁ" అన్నాను. అది నా గొంతులా లేదు, ఎక్కడో బొంగురుగా పలికింది.

"చానా ఆలీసమైంది," అని ఆవిడ మళ్ళీ గుర్రుపెట్టింది. ఎవరితో మాట్లాడిందో ఆ దేవుడికెరుక.

కాసేపు ఆగి ముద్దను ఊడదీశాను. నుదుటి అచ్చు గీతలతో సహా దాని మీదకి దిగింది. సంబరంగా నాయనమ్మ వైపు చూశాను. సంబరం అక్కడే చచ్చింది. ఆవిడ నుదుటి మీద గీతల్లేవు. ఒక్కటీ లేదు. నున్నగా, బిగుతుగా, తెల్లగా మెరుస్తోంది. ముసలి మొహం మీద ఎవరో పడుచుపిల్ల నుదురు తెచ్చి అతికించినట్టుంది. పళ్ళెం పట్టుకుని పరుగో పరుగు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాను. లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది కాబట్టి, ఆలోచిస్తే భయమేస్తుందని పనిలో పడ్డాను. కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో ముద్దను ఫొటో తీశాను, రంగు తీసేసి బ్రష్‌కి ఇచ్చాను. ఆవిడ ముడత ముద్ద మీద గట్టులా పడుతుంది కదా, దాన్ని తిరగేసి మళ్ళీ గాడి చేశాను. అచ్చులో ఎడమ కుడి కూడా తారుమారవుతాయని, దాన్నీ తిప్పాలని మాత్రం తట్టలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మీతో పనుంది. తర్వాత బ్రష్ సైజు చూసుకున్నాను, ఎంత లోతు దిగాలో చూసుకున్నాను, దయ్యం నుదుటి మీద ఒక్కటి గుద్దాను.

దయ్యానికి ప్రాణం వచ్చింది. అంతవరకూ అది బొమ్మ. ఆ క్షణం నుంచి అది ఎవరో ఒక మనిషి, నా వైపు చూస్తోంది. హుషారు పుట్టి అదే బ్రష్‌ను చెయ్యి మీద కూడా లాగాను. గుద్దుకీ గుద్దుకీ మధ్య ఎడం ఎక్కువైనట్టుంది, అచ్చులు విడివిడిగా పడ్డాయి. దగ్గరికి జరిపి చూశాను. రెండు ముడతలు కలిసి చుట్టు తిరిగి, పైన దీర్ఘం తీసి ఒక అక్షరంలా ఉన్నాయి.

రా.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒకటే వరస. రా. రా. రా. రా.

సరిగ్గా అప్పుడే పక్కింట్లోంచి కేక వినపడింది. "నా గీతలు! నా గీతలేయే రమణా!"

వెళ్ళేసరికి వరండా నిండా మా సందు ఆడవాళ్ళే. నాయనమ్మ మంచం మీద కూర్చుని చేతి అద్దంలో చూసుకుంటోంది. పక్కన ఆవిడ కోడలు రమణ పిన్ని.

"ముడతలు పోతే మంచిదేగా అత్తా. టీవీలో అయితే డబ్బులిచ్చి పోగొట్టుకుంటన్నారు."

"ఏంది మంచి? ముడతలా అయి? బ్రహ్మ రాసిన రాత! రాత లేనిదాన్ని రేపు యముడైనా ఎట్టా గుర్తుపడతాడే?"

అంతలో పిన్ని ఆవిడ చెవి పక్కన అంటుకున్న తెల్లటి ముక్కను గిల్లి తీసింది. వాసన చూసింది. మొహంలో రంగు మారిపోయింది. "పిండి ఇది. ఎవరో పిండిబొమ్మ చేసి పెట్టారు అత్తకి."

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. చేతబడి అనే మాట ఎవరూ పైకి అనలేదు. అందరి కళ్ళూ అదే అన్నాయి. ఇంకాసేపు ఊరుకుంటే భూతవైద్యుడికి కబురు పోతుంది. నేనే నోరు తెరిచాను.

"నేనే నాయనమ్మా, అచ్చు తీసుకున్నా. బ్రష్ కోసం."

నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పళ్ళు తోముకోడానికి నా రాతెందుకే నీకు?"

దండం పెట్టి, దయ్యం సంగతి దాచి, మిగతాది చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని చెవి దగ్గరికొచ్చి అడిగింది. "సరేలే. నువ్వు చదువుకున్నదానివిగా, ఇంతకీ ఏం రాసుందే?"

ఏమీ లేదంటే పోయేది. కథ అక్కడితో అయిపోయేది. కానీ నోరు ఊరుకుంటుందా?

"'రా' అని ఉంది నాయనమ్మా."

నాయనమ్మ అద్దం బోర్లించి పెట్టింది.

"మా ఆయనే," అంది. "మద్దేనం వచ్చాడు. సల్లటి చెయ్యి నా నుదుటి మీద పెట్టాడు. వచ్చావా అంటే ఆఁ అన్నాడు."

ఆ చల్లటి చెయ్యి మైదాపిండి అనీ, ఆ 'ఆఁ' నాదేననీ నాకు తెలుసు. తెలిసి కూడా నా ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి.

"అది నేను నాయనమ్మా! ఆఁ అన్నది నేనే!"

"ఊరుకోవే, ఆడపిల్ల గొంతు నాకు తెలవదా?"

ఇంక ఎవరు చెప్పినా వినలేదు. పెట్టెలోంచి దాచుకున్న నేతచీర తీయించి కట్టుకుంది. అన్నం తెస్తే, "పిలుపొచ్చినాక తినుకుంటా కూర్చుంటే బాగోదు" అని పళ్ళెం పక్కకి నెట్టింది. మొహం కడుక్కోమంటే, "రాతలేని మొహానికి నీళ్ళెందుకే" అంది. రమణ పిన్ని నన్ను గేటు దాకా తోసుకొచ్చి, "మా అత్తకేమన్నా అయిందా, నీ బ్రష్షులూ నిన్నూ కలిపి పొయ్యిలో పెడతా" అంది. పిన్ని అన్న మాట తప్పే మనిషి కాదు.

తెల్లారింది. ముసలావిడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని అమ్మ వచ్చి చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. నాకు గోరుముద్దలు పెట్టిన మనిషి నా మూలంగా పస్తుండి పోతోంది. దిక్కుతోచక కంప్యూటర్ తెరిచి దయ్యాన్ని చూస్తూ కూర్చున్నాను. అది నన్నే చూస్తోంది. నుదుటి మీద నాయనమ్మ పుట్టుమచ్చ కూడా దిగింది, కుడి కనుబొమ్మ పైన.

కుడి? నాయనమ్మ మచ్చ ఎడమ వైపు కదా!

మిమ్మల్ని గుర్తుపెట్టుకోమన్న ముక్క నాకు అప్పుడు వెలిగింది. అచ్చును కుడి ఎడమలకు తిప్పాను. 'రా' మాయమైంది. అక్షరం ముక్క లేదు, ఉత్త ముడతలు. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని పక్కింటికి ఉరికాను, నా వెనకాలే అమ్మ.

నాయనమ్మ నేతచీరలో, చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకుని ఉంది. నుదురు ఇంకా మెరుస్తూనే ఉంది. లేపి కూర్చోబెట్టి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టాను. బొమ్మను అన్నివైపులా చూడటానికి దాన్ని గుండ్రంగా తిరిగేలా పెట్టి ఉంచాను, ఆపడం మర్చిపోయాను. దయ్యం నెమ్మదిగా తిరిగి తిరిగి, సరిగ్గా నాయనమ్మ మొహానికి మొహం వచ్చినప్పుడు ఆగింది. కంప్యూటర్ వేడెక్కి ఆగిందని నేను ఇప్పటికీ చెప్పుకుంటాను.

"ఎవరే ఈమె?"

"దయ్యం నాయనమ్మా. ఆటలోది."

"బావిలో పడి పోయిందా?"

"నీకెట్టా తెలుసు?"

"మొహం చూస్తే తెలవట్లా?"

నేను గబగబా చెప్పేశాను. "నిన్న నేను తిరగేసి చదివాను నాయనమ్మా. నాదే తప్పు. ఇదిగో సరిచేశా, 'రా' లేదు చూడు."

"మరేముంది?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. "'తిని పడుకో' అని ఉందత్తా!"

నాయనమ్మ అమ్మ వైపు జాలిగా చూసింది. "నిన్న ఒక్కక్షరం పట్టిన చోట ఇయ్యాల ఇన్నెట్టా పట్టినయే? చదువు రానంత మాత్రాన లెక్క కూడా రాదనుకున్నావా?"

నాయనమ్మ మళ్ళీ తెర వైపు తిరిగి, వేలితో దయ్యం నుదుటిని తడిమింది. "ఉండు. ఇయి నాయేగా? నా రాత దీనికి పెట్టావా?"

"ఆఁ... ఈ పని కోసమే నాయనమ్మా."

"తీసెయ్."

"శుక్రవారం లోపు ఇవ్వకపోతే..."

"తీసెయ్ అంటన్నానా! నాకు ఇరవై నిండకుండానే ఆయన పోయాడు. మిరపకోతలకి పోయి పిల్లల్ని సాకాను. చేతులు మండుతుంటే చంటోణ్ణి ఎత్తుకోలేక గోడకానుకుని ఏడ్చినదాన్ని. ఈమె చూస్తే బావిలో పడి పోయింది. ఆ ఏడుపు చాలదా, దానికి మళ్ళీ నా రాత కూడానా? దయ్యమైతే మాత్రం ఆడది కాదంటే?"

నిన్న నన్ను పొయ్యిలో పెడతానన్న రమణ పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకు సిగ్గేసింది. ఆ గీతల్ని ఇన్నాళ్ళూ చూసి ఎంత బాగున్నాయో అనుకున్నానే గానీ, ఎలా వచ్చాయని ఒక్కసారీ అడగలేదు. మారుమాట లేకుండా మీట నొక్కాను. దయ్యం నుదుటి మీంచి గీతలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి.

అదే సమయానికి అమ్మ ఊరుకోలేక తడిగుడ్డతో నాయనమ్మ నుదురు తుడుస్తోంది. "ఏందత్తా జిగటగా ఉంది? గుడ్డు వాసన!" అంటూ ఇంకా రుద్దింది. ఎండి బిగుసుకున్న తెల్లసొన పొరలు పొరలుగా లేచింది. దాని కింద నుంచి ముడతలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. మైదాలో తెల్లసొన కలిపిన మేధావి వైపు అమ్మ ఒక చూపు చూసింది. ఆ చూపు ముందు నా దయ్యం దిగదుడుపు.

నాయనమ్మకు తెల్లసొన గొడవ పట్టలేదు. తెరకేసి, అద్దంకేసి మార్చి మార్చి చూసుకుంది. "దాని మొహాన పోయినయి, నా మొహాన వచ్చినయి," అంది తృప్తిగా. "ఏం కూర చేశావే రమణా?"

"గోంగూర అత్తా!"

"పెట్టు. ఎండలు తగ్గినాక వస్తానని ఆయనకి నేను చెప్పుకుంటాలే."

తింటూ తింటూ నాయనమ్మ మళ్ళీ దయ్యం వైపు చూసింది. "దాన్నట్టా బోడిమొహంతో వదిలేస్తావా? ఎవరిదన్నా మంచి రాత చూసి పెట్టు."

నేను చుట్టూ చూశాను. రమణ పిన్ని గబుక్కున లోపలికి పోయింది. మా అమ్మ కొంగు నుదుటి మీదకి లాక్కుంది.

"వాళ్ళనెందుకు చూస్తావే? నీది పెట్టు. ఫ్యాను కింద కూర్చుని పుల్లతో గీసి జీతం తీసుకుంటన్నావు. ఈ సందులో నీకంటే మంచి రాత ఎవరికుంది?"

చేతులు కడిగించుకున్నాక అందరూ వెళ్ళేదాకా ఆగి, నన్ను దగ్గరికి వంగమంది. "నువ్వు ఆఁ అన్నది నాకు ఇనపడిందే," అంది మెల్లగా. "అది రెండోది."

లాప్‌టాప్ మూసుకుని ఎండలోనే ఇంటికొచ్చేశాను.

ఈసారి తెల్లసొన లేకుండా నా నుదుటికే పిండి ఒత్తుకున్నాను. గుర్తుపెట్టుకుని కుడి ఎడమలు తిప్పాను. చెప్పుకోదగ్గ ముడతలేం లేవు. గడువులకు ముడిపడ్డ కనుబొమ్మలు, నిద్రలేమి, ఎవరిమీదో తెలియని చిరాకు, అంతే. ఇంత సుఖపడిన నుదుటితో దయ్యం ఏం భయపెడుతుంది? ఉద్యోగం మీద ఆశ వదులుకుని శుక్రవారం పంపేశాను. శశాంక్ వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, అప్రూవ్డ్. తెరవగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. పాత దాంట్లో ముడతలుండి కూడా మన ఇంట్లో బామ్మలా ఉండేది. ఇది అలా కాదు. ఇంత భయంకరమైన నుదురు ఎక్కడ పట్టావక్కా?"

ఫోను స్పీకర్లో ఉంది. మా అమ్మ వంటింట్లో గరిటె కింద పడేసి నవ్వింది. సాయంత్రానికి ఆ సంగతి సందంతా పాకింది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "చూశావా, పనైపోయింది. మంచి రాతని చెప్పానుగా" అంది.

కాబట్టి పాఠక మహాశయులారా, నరసరావుపేట నడివీధిలో, మైదాపిండి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి నుదుటి జోలికీ పోను. నాకు చర్మం కావాలంటే మోచేతులున్నాయి, మోకాళ్ళున్నాయి, పగిలిన మడమలున్నాయి, బ్రహ్మ చెయ్యి పెట్టని చోట్లే తీసుకుంటాను, అదీ అడిగి తీసుకుంటాను. తెల్లసొన ఆమ్లెట్టుకు తప్ప వాడను. ఇక మిట్టమధ్యాహ్నం ఎవరన్నా సగం కళ్ళతో నిద్రపోతూ "వచ్చావా?" అని అడిగితే, ఎవరిని అడుగుతున్నారో ముందు వెనక్కి తిరిగి చూసుకుంటాను తప్ప, "ఆఁ" అని మాత్రం చచ్చినా అనను.